ఒకటో నంబరు ముద్దాయి

మా కేసులో ముద్దాయిలం ముగ్గురం. ఒకటో నంబరు కంపెనీ, రెండో నంబరు మా ఆయన, మూడో నంబరు నేను.

కంపెనీ మనిషి కాదు కదా, దాన్నెట్లా ముద్దాయిని చేస్తారని మొదటి వాయిదా రోజున మా వకీలు గవర్రాజు గారిని మా ఆయన అడిగాడు. "తిరిగొచ్చిన చెక్కు కంపెనీది కదయ్యా. ముందు తప్పు దానిది. అది తప్పు చేసిందని తేలితే, దాన్ని నడిపిన మీరూ చేసినట్టే," అన్నాడాయన. మా ఆయనకి అర్థం కాలేదు. నాకు బాగానే అర్థమైంది. పిల్లాడు ఎదురింటి అద్దం పగలగొడితే పిలిచి నిలబెట్టేది అమ్మానాన్నల్నే కదా.

కంపెనీ పేరు శ్రీ వేదాద్రి నరసింహ కోచ్ వర్క్స్ ప్రైవేట్ లిమిటెడ్. పేరు గొప్పేగానీ ఉన్నదల్లా బెజవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు, పద్నాలుగు మంది పనివాళ్లు, ఒక వెల్డింగు మిషను, నా కుట్టుమిషన్లు రెండు. ఇంజనూ చక్రాలూ తప్ప పైన ఏమీ లేని వొట్టి ఛాసిస్ మా దగ్గరకొచ్చేది, డ్రైవరు దాని మీద కుర్చీ కట్టుకుని, తలకు తుండుగుడ్డ చుట్టుకుని తోలుకొచ్చేవాడు. రెండు నెలలకి బస్సయి వెళ్లేది.

కోర్టులో అటెండరు పేరు ఆశీర్వాదం. ఆదివారాలు చర్చిలో పాడే గొంతు, మిగతా రోజులు మమ్మల్ని పిలవడానికి వాడేవాడు. వరండాలోకి వచ్చి "శ్రీ వేదాద్రి నరసింహ కోచ్ వర్క్స్ ప్రైవేట్ లిమిటెడ్" అని మూడుసార్లు పిలిస్తే మా ఆయన "ఉన్నానండీ" అని లోపలికెళ్లి నిలబడేవాడు. ఆ వెంటనే "ముప్పిడి కోటిలింగం" అని పిలుపు. మళ్లీ మా ఆయనే "ఉన్నానండీ". రెండో వాయిదాకో మూడో వాయిదాకో ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కంపెనీని పిలిచినప్పుడు ఒకడుగు ముందుకేసేవాడు, తనను పిలిచినప్పుడు ఒకడుగు వెనక్కొచ్చేవాడు.

"ఏంటండీ ఆ డ్యాన్సు, జడ్జిగారి ముందు," అన్నాను బయటికొచ్చాక.

"కంపెనీ పెద్దది, నేను దాని వెనక వాణ్ని. మర్యాద తెలీదా నీకు?"

"ఆ మర్యాదేదో మనకి రేకులిచ్చిన సేఠుగారి డబ్బు దగ్గర చూపించాల్సింది."

"అది ఒకటో నంబరు వాడు చూసుకోవాలి. నన్నడుగుతావేం?"

ఆశీర్వాదం పక్కనే ఉండి విన్నాడు. "మీకు ఒక్క బెయిలుతో సరిపెట్టారు గానీ రెండు బెయిళ్లు తీసుకోవాల్సిందండీ," అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. కేసులో ఉన్నవాళ్లు అట్లా నవ్వుకోకూడదేమో, నాకు తెలీదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఆ వాయిదాల కోసం నేను ఎదురుచూసేదాన్ని. షెడ్డు పోయింది, బోర్డు పోయింది, పనివాళ్లు తలా ఒక చోటికి వెళ్లిపోయారు. ఆ పేరు పలికేవాళ్లు ఈ ఊళ్లో ఇంకెవరూ లేరు. రెండు నెలలకోసారి ఒక పరాయి మనిషి గొంతెత్తి మూడుసార్లు పలుకుతుంటే చెవులారా వినేదాన్ని. దొంగని పిలిచినట్టే పిలిచేవాడు, అయినా సరే.

నేను డైరెక్టరునెట్లా అయ్యానో చెప్పాలి. ఆటోనగర్లో సగం కంపెనీల డైరెక్టర్లు వంటింట్లోనే ఉంటారు. కంపెనీ అంటే ఇద్దరు ఉండాలట. పెద్ద ట్రావెల్స్ వాళ్లు కంపెనీ అయితేనే ఆర్డర్లు ఇస్తారని ఆడిటరు చెబితే, ఎవరింట్లో వాళ్లు పెళ్లాం పేరు రాయించేశారు. ఏడాదికోసారి ఆడిటరు దగ్గర్నించి మనిషి వస్తాడు, పోపు మాడకుండా మంట తగ్గించి వచ్చి చూపించిన చోటల్లా సంతకం పెట్టి వెళ్లడమే. మా వీధి చివర డైరెక్టరు గారికైతే తన కంపెనీ పేరు కూడా తెలీదు.

నా సంగతి వేరు. నేను సీట్లు కుట్టడంతో మొదలుపెట్టాను. ఫోము కోయడం, రెగ్జిన్ లాగి బిగించడం, మా అమ్మ దగ్గర నేర్చుకున్న కుట్టుపని అంతవరకే పనికొచ్చింది. ఆ తర్వాత రేకుల లెక్క నాకు వచ్చేసింది. ఏ బస్సుకి ఎన్ని రేకులు పడతాయి, టాపు ఒంపు దగ్గర ఎంత వేస్టవుతుంది, ప్లైవుడ్డు ఎక్కడ ఉబ్బుతుంది, ఇవన్నీ చూసి చూసి పట్టేశాను. పనివాళ్లకి కూలీ నేనే పంచేదాన్ని. సరుకు బేరం నాదే. మా ఆయన బంగారంలాంటి మనిషి, మాట తియ్యన, లెక్క మాత్రం శూన్యం. ఎవరడిగితే వాళ్లకి నెల ముందే బస్సిస్తానని ఒప్పేసుకుని ఇంటికొచ్చి నా మొహం చూసేవాడు.

అయితే ట్రావెల్స్ ఓనర్లు ఆడదానితో మాట్లాడరు. అందుకని మాకొక నాటకం ఉండేది. రోజూ పదింటికి నేను భోజనం క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్లేదాన్ని. పదిన్నరకల్లా చీర కొంగు బిగించి బస్సు కింద ఉండేదాన్ని. ఎవరైనా ఓనరు వస్తే బయటికొచ్చి క్యారేజీ పక్కన నిలబడేదాన్ని. "మా ఆవిడండీ. క్యారేజీ తెచ్చింది. పేరుకి డైరెక్టరు కూడానండోయ్," అనేవాడు మా ఆయన. ఓనరు నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆ ఓనరు వెళ్లగానే "ఏం తాయారూ, ఆ రేటుకి గిట్టుబాటవుద్దా?" అని నన్నే అడిగేవాడు.

ఇరవై రెండేళ్లు ఆ క్యారేజీ పక్కన నిలబడ్డాను. కోపం రాలేదా అంటే వచ్చింది. ఒకసారి క్యారేజీ ఖాళీదే పట్టుకెళ్లాను. మధ్యాహ్నం మూత తీసి చూసుకుని, ఏమీ అనకుండా నన్ను హోటలుకి తీసుకెళ్లి పెసరట్టు ఉప్మా పెట్టించాడు. "చెబుతాలేవే, సమయం వస్తుంది, అందరికీ చెబుతా," అన్నాడు. ఆ సమయం ఎప్పుడొస్తుందా అని నేనూ ఊరుకున్నాను.

బస్సు పూర్తయ్యాక టాపు మీద పైపుతో నీళ్లు కొట్టి చూడాలి, ఎక్కడైనా కారుతోందేమోనని. పనివాళ్లు పైన నీళ్లు కొడుతుంటే మేమిద్దరం లోపల కూర్చునేవాళ్లం. కొత్త రెగ్జిన్ వాసన, కిటికీలన్నీ మూసేసి ఉంటాయి, పైన ధడధడమని వాన. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మాకు మాత్రం వాన కురిసేది. ఆయన అటు వరస, నేను ఇటు వరస, తలెత్తి చూస్తూ ఒక్కో సీటూ మారుతూ వెనక దాకా వెళ్లేవాళ్లం. కారితే ఆయన మీద ఒక బొట్టు పడేది, "అబ్బా" అనేవాడు, నేను అక్కడ సుద్దతో గీత పెట్టేదాన్ని. మేమిద్దరం కలిసి చేసిన ప్రయాణాలు అవే. మేము చేసిన బస్సెక్కి తిరుపతి వెళ్దామని చాలాసార్లు అనుకున్నాం గానీ పడలేదు. ఇప్పటికీ ఎక్కడ వాన చప్పుడు విన్నా తలెత్తి చూస్తాను. ఆయన కావాలనిపిస్తుంది. మనిషే కావాలని కూడా కాదు, అటు వరసలో "అబ్బా" అన్న మాట వినబడినా చాలనిపిస్తుంది.

చెక్కు సంగతి చిన్నదే. ఆరు బస్సులకి ఆర్డరొచ్చింది. వన్‌టౌన్‌లో కేసరీమల్ సేఠుగారి కొట్టు నుంచి అల్యూమినియం రేకులు, ప్లైవుడ్డు తెచ్చాం. ఆటోనగర్ పద్ధతి ఏంటంటే సరుకు తీసుకునేటప్పుడు తారీఖు లేకుండా చెక్కు ఇచ్చి రావడం, డబ్బు కట్టాక ఆ చెక్కు వెనక్కి తెచ్చుకోవడం. ఇరవై రెండేళ్లలో ఎన్ని చెక్కులు అట్లా వెళ్లి వెనక్కొచ్చాయో లెక్కలేదు. సంతకం మా ఆయనది, పట్టుకెళ్లి సేఠుగారి చేతిలో పెట్టేది నేను. ఆ ఏడాది చెక్కు పదకొండు లక్షల నలభై వేలకి. నెల తిరక్కుండా కరోనా వచ్చింది. రోడ్డు మీద బస్సే లేదు, ఇక బస్సు చేయించుకునేవాడెవడు? సగం కట్టిన ఛాసిస్‌లని ఫైనాన్సు వాళ్లు పట్టుకుపోయారు. సేఠుగారు మంచాన పడ్డాడు, కొట్టు కొడుకు చేతికొచ్చింది. అతను బీరువాలో ఉన్న చెక్కు తీసి తారీఖు వేసి బ్యాంకులో వేశాడు. తిరిగొచ్చింది. నోటీసు ఇచ్చాడు. మా దగ్గర కట్టడానికేముంది, కేసయింది.

షెడ్డు, ఇల్లు అమ్మి మిగతా బాకీలు చాలావరకు తీర్చాం. సేఠుగారిది మిగిలిపోయింది. నా పేరున కానూరులో రెండు గదుల వాటా ఒకటుంది, మా అమ్మ ఇచ్చింది, ఇప్పుడుంటున్నది అందులోనే. "అది మాత్రం ముట్టుకోవద్దు తాయారూ, నేనేదో ఒకటి చేస్తా," అనేవాడు మా ఆయన. ఏదో ఒకటి చేయకుండానే పోయినేడు మాఘమాసంలో ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటూ పెరట్లో కూర్చుండిపోయాడు. నేను పిలిచాను. మళ్లీ పిలిచాను. లేవలేదు.

గవర్రాజు గారు మరణ ధ్రువీకరణ పత్రం కోర్టులో ఇచ్చారు. రెండో నంబరు మీద కేసు పోయింది.

ఆ తర్వాత వాయిదాకి ఒక్కదాన్నే వెళ్లాను. ఆశీర్వాదం వరండాలోకొచ్చి కంపెనీ పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాడు. మూడోసారి కాస్త నెమ్మదిగా పిలిచాడు. నేను బెంచీ మీద కూర్చుని చేతులు నలుపుకుంటున్నాను. ఆ తర్వాత రెండున్నరేళ్ల అలవాటు కదా, నోరు జారి "ముప్పిడి కోటిలింగం" అనేశాడు. అని నాలిక్కరుచుకున్నాడు.

"తప్పయిపోయిందమ్మా. కాగితం చూసుకోలేదు," అన్నాడు దగ్గరకొచ్చి.

"ఇంకోసారి పిలువు బాబూ," అందామనుకున్నాను.

అప్పటికి సాక్ష్యాలు అయిపోయాయి. సేఠుగారి కొడుకు బోనెక్కి, కంపెనీ వ్యవహారాలు ఎవరు చూసేవారని గవర్రాజు గారు గుచ్చి గుచ్చి అడిగితే, "అదంతా మా నాన్నగారికి తెలుసండి, నాకు తెలీదు," అనేశాడు. సేఠుగారు మంచం దిగి రాలేడు. ఇంక మిగిలింది జడ్జిగారు ముద్దాయిని అడగడం, ముద్దాయి చెప్పుకోవడం. గవర్రాజు గారు నన్ను ఆఫీసుకి పిలిపించి కాగితం చేతికిచ్చాడు.

"చెక్కు మీద మీ సంతకం లేదు. మీరు నడిపారని వాళ్లు రుజువు చెయ్యలేకపోయారు. పేరుకి డైరెక్టరైతే సరిపోదమ్మా, రోజువారీ పనులు చూస్తేనే నేరం. ఈ కాగితం మీద సంతకం పెట్టండి, జడ్జిగారడిగితే అన్నిటికీ తెలీదండీ అనండి. మీరు బయటపడ్డట్టే."

"మరి కంపెనీ?"

"కంపెనీకేముంది? ఆస్తి లేదు, బ్యాంకులో పైసా లేదు. పిలిస్తే పలికేవాడు లేడు. జరిమానా వేస్తే వేసుకుంటారు, గాలి దగ్గర వసూలు చేసుకోమనండి. మీరు మాత్రం దాని తరఫున పలక్కండి. అంతే చాలు."

"పలికితే?"

ఆయన కళ్లజోడు తీశాడు. "పలికితే ఏముందమ్మా, నడిపింది మీరేనని తేలితే రెండేళ్ల దాకా జైలు వెయ్యొచ్చు. చెక్కుకి రెండింతల దాకా జరిమానా వెయ్యొచ్చు. మీ కానూరు వాటా ఉంది చూశారూ, అది ఉండదు."

కాగితం ఇంటికి తెచ్చుకుని చదివాను. 'నేను గృహిణిని. కంపెనీ వ్యవహారములతో నాకెట్టి సంబంధమూ లేదు. నా భర్త చెప్పిన చోట సంతకము చేయుట తప్ప నాకేమియు తెలియదు. నేనెన్నడును సదరు షెడ్డులో అడుగు పెట్టి యెరుగను.' మొదటి మాట దగ్గర నాకేం అభ్యంతరం లేదు, అన్నం వండుతూనే ఉన్నాను కదా. చివరి మాట దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచి పక్కన పడేశాను. మా ఆయన క్యారేజీ నాటకంలో కూడా నన్ను షెడ్డు దాకా రానిచ్చాడు. వీళ్లు గుమ్మం కూడా తొక్కనియ్యలేదు.

నాలుగు రోజులు ఆ కాగితాన్ని దేవుడి అలమరలో పెట్టి తిరిగాను. సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను, ఎందుకు దాచాలి. ఈ వయసులో జైలేంటి, ఉన్న గూడు పోతే ఎక్కడుంటాను. పైగా మా ఆయన ఉన్నా అదే పెట్టమనేవాడు. "నువ్వు బయటపడు తాయారూ, నేనొక్కణ్ని నిలబడతా," అని మొదటి వాయిదా నుంచీ అంటూనే ఉన్నాడు. నా మీద ప్రేమతోనే అనేవాడు, అది తెలుసు. అయినా వినేటప్పుడు ఆ పాత "పేరుకి డైరెక్టరు" మాటలానే వినబడేది.

సంతకం పెట్టే ముందు ఒకసారి సేఠుగారిని చూసొద్దామని వన్‌టౌన్ వెళ్లాను. కొట్టు వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. కాళ్లు దిండ్ల మీద పెట్టి ఉన్నాయి, బాగా వాచిపోయాయి. మనిషిని చూసి గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది గానీ పట్టాక మంచం మీదే లేచి కూర్చోబోయాడు.

"ఎవరు, తాయారమ్మా? ఏం తెచ్చావ్, చెక్కా?"

"లేదు సేఠుగారూ, ఊరికే చూసి పోదామని."

"ఊరికే వస్తే టీ తాగి పో. చెక్కు తెస్తే భోజనం చేసి పో." ఆయన మాట ఇరవై రెండేళ్లుగా అదే. కోడలు టీ తెచ్చింది.

"మీవాడు కేసు వేశాడు మా మీద," అన్నాను.

"తెలుసు. వాడి వకీలు డైరెక్టర్లందరినీ రాయాలన్నాడట. నేను చెప్పా, ముందు ఆ అమ్మ పేరు రాయరా అని. వాడు మూడో నంబరు రాశాడు. వాడికేం తెలుసు వ్యాపారం? సరుకు ఎవరికిచ్చారో తెలీకుండా కేసు వేసేవాడు కూడా ఒక వ్యాపారేనా?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"కోటిలింగం మంచోడమ్మా. పోయాడని విని ఆ రోజు నేను తినలేదు. కానీ ఆయన్ని చూసి నేను ఒక్క రేకు కూడా ఇవ్వలేదు. పద్దెనిమిది గేజికీ ఇరవై రెండు గేజికీ తేడా తెలీదాయనకి. ఇంత పల్చటి రేకు తీసి చూపించి, సేఠూ ఇది గట్టిదేగా అనేవాడు. నువ్వు గోటితో కొట్టి చూసి చెప్పేదానివి. నువ్వు తీసుకొస్తే చెక్కు చదవను కూడా చదవకుండా బీరువాలో పెట్టేవాణ్ని." ఆయాసం వచ్చి ఆగాడు. "నీకేం తెలీదని కాగితం వేస్తున్నావటగా. మావాడు చెప్పాడు. వెయ్యి బేటీ. కోర్టంటే అంతే. నేనేమనుకోను."

అనుకోనన్నాడు గానీ, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను కాసేపు కూర్చుని వచ్చేశాను. ఇరవై రెండేళ్లు నేను ఎవరి నోట వినాలనుకున్నానో ఆ నోట వినలేదు. బాకీ ఉన్న మనిషి నోట విన్నాను. రోడ్డు మీదకొచ్చాక ఏడుపొచ్చింది. కూరగాయల బండి వాడు "ఏమ్మా, ఏమైనా పోయిందా?" అని అడిగాడు. లేదన్నాను.

వాయిదా రోజున కాగితం సంచిలో పెట్టుకునే కోర్టుకి వెళ్లాను. గవర్రాజు గారు వరండాలో ఎదురొచ్చి "పెట్టారా సంతకం?" అన్నాడు. "లోపల పెడతానండి," అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు, అప్పటికి నాకే తెలీదు.

ఆశీర్వాదం వచ్చాడు. ఈసారి కాగితం చూసుకునే పిలిచాడు. "శ్రీ వేదాద్రి నరసింహ కోచ్ వర్క్స్ ప్రైవేట్ లిమిటెడ్." పలికేవాళ్లు ఉండరని తెలుసు గనక గొంతు కూడా పెద్దగా ఎత్తలేదు. రెండోసారి అన్నాడు. పక్కన ఎవరో ఫోనులో మాట్లాడుకుంటున్నారు. మూడోసారి పిలవడానికి ఊపిరి తీసుకున్నాడు. అది అయిపోతే ఇంక ఎవరూ ఆ పేరు పిలవరు. ఎవరూ లేరని రాసేసుకుంటారు.

"ఉన్నానండీ," అన్నాను.

ఆశీర్వాదం నన్ను చూశాడు. "మిమ్మల్ని కాదమ్మా. మీది తర్వాత. ఇది కంపెనీ."

"కంపెనీకే పలికాను బాబూ. పద."

లోపలికెళ్లి నిలబడ్డాను. జడ్జిగారు చిన్న వయసు ఆవిడ, మా మొదటి వాయిదా నాటికి కాలేజీలో ఉండి ఉంటుంది. నన్ను చూసి కాగితాలు తిరగేసింది. "మీరు మూడో ముద్దాయి కదా. ఒకటో ముద్దాయికి ఎవరూ లేరని మీ వకీలు గారే చెప్పారు."

గవర్రాజు గారు లేచి "మేడం, ఆవిడకి పిలుపు సరిగ్గా వినబడలేదు, పెద్దావిడ," అన్నాడు.

"వినబడిందండి," అన్నాను. "మూడేళ్లుగా వింటున్నాను. దానికిప్పుడు మా ఆయన లేడు. ఉన్నది నేనొక్కదాన్నే. దాని తరఫున నేను నిలబడతాను."

"నిలబడొచ్చు. దానివల్ల నేరం ఒప్పుకున్నట్టు కాదు," అందావిడ. "కానీ మీరు అసలు షెడ్డులోకే వెళ్లలేదని ఏదో స్టేట్‌మెంటు దాఖలు చేస్తున్నారని మీ వకీలు గారు చెప్పారు. అందులో ఒకటి, ఇక్కడ ఇంకొకటి చెప్పడానికి వీల్లేదు. అడుగుతున్నాను, బాగా ఆలోచించుకుని చెప్పండి. మీరు కంపెనీ రోజువారీ పనులు చూసేవారని ఫిర్యాదు. నిజమా, అబద్ధమా?"

గవర్రాజు గారు నా వైపు చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు, చిన్నగా, జడ్జిగారికి కనబడకుండా.

నేను ఫిర్యాదు కాగితాలు ఇంటి దగ్గర చాలాసార్లు చదివాను. ఆ మాట అందులో ఏడో పేరాలో ఉంటుంది. 'రెండు మరియు మూడు నంబరు ముద్దాయిలు కంపెనీ దైనందిన వ్యవహారములకు బాధ్యులు.' ప్రతి చెక్కు కేసులోనూ వకీళ్లు ఆ మాట అట్లాగే రాస్తారట, మనిషెవరో కూడా చూడరట. గవర్రాజు గారే చెప్పాడు. కావచ్చు. నా గురించి ఆ మాట రాసిన కాగితం మాత్రం ఈ లోకంలో అదొక్కటే.

"నిజమండి," అన్నాను. "బస్సులు నేను చేయించాను. కొలతలు నావి, కూలీలు నేనిచ్చాను. సేఠుగారి దగ్గర రేకులు బేరమాడింది నేను. చెక్కు మీద సంతకం మా ఆయనది, తీసుకెళ్లి ఇచ్చింది నేను. డబ్బు కట్టలేకపోయాం. కానూరులో నాకు రెండు గదుల వాటా ఉంది. అది అమ్మి కడతాను. కొంచెం గడువివ్వండి."

అంత పొడుగు మాట పరాయివాళ్ల ముందు నేనెప్పుడూ మాట్లాడలేదు. జడ్జిగారు సేఠుగారి వకీలు వైపు చూసింది. రాజీకి అభ్యంతరం లేదని అతను అన్నాడు. ఆవిడ పక్కనున్న టైపు అతనితో, ఒకటో ముద్దాయి తరఫున మూడో ముద్దాయి హాజరు అని రాసుకోమంది. కేసు లోక్ అదాలత్‌కి వేసింది. డబ్బు కడితే జైలు ఉండదు. వాటా ఉండదు.

బయట గవర్రాజు గారు నా మీద పడ్డాడు. మూడేళ్ల కష్టం మట్టిపాలు చేశానన్నాడు. ఇంత తేలిగ్గా బయటపడే కేసు తన సర్వీసులో చూళ్లేదన్నాడు. చివరికి "అసలు మిమ్మల్ని ఎవరడిగారమ్మా చెప్పమని?" అన్నాడు.

"ఎవరూ అడగలేదండి. ఇరవై రెండేళ్లలో ఎవరూ అడగలేదు. ఆవిడే అడిగింది," అన్నాను.

ఆయన చేతులెత్తి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. పాపం మంచివాడే, ఫీజు కూడా సగమే తీసుకున్నాడు. నేను మెట్లు దిగి కానూరు వెళ్లే సిటీ బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఏడవాలనిపించలేదు. ఒళ్లంతా తేలిగ్గా ఉంది. ఇంటికెళ్లగానే ఏం తిడతాడో అనుకున్నాను. వాటా పోగొట్టుకొచ్చావంటాడు. ఓ గంటసేపు మాట్లాడడు. ఆ తర్వాత దగ్గరకొచ్చి కూర్చుని, ఏం చెప్పావు, జడ్జిగారేమంది, మొదట్నించీ చెప్పు అంటాడు. ఎట్లా చెప్పాలో మాటలన్నీ వరసగా పెట్టుకుంటున్నాను, సేఠుగారి గేజి మాట కూడా కలిపి చెప్పి ఏడిపిద్దామని నవ్వుకుంటున్నాను. బస్సు బెంజి సర్కిల్ దాటి, పటమట దాటి, ఆటోనగర్ గేటు దగ్గర ఆగేదాకా, చెప్పడానికి ఇంట్లో ఆయన లేడన్న మాట గుర్తుకే రాలేదు.